కంప్యూటరు కుంచె – భూమిబంధనము

ధారానగరాధీశుడగు భోజుని సమరాంగణ సూత్రధారము చిత్రకళకు ఎనిమిది అంగములను చెప్పినది. అందు మొదటిది వర్తిక, రెండవది భూమిబంధనము. రేఖయు వర్ణమును వీని తరువాతనే వచ్చును. గీయు సాధనమును సిద్ధపరచుకొనుట ఎంత అవసరమో, గీత నిలుచు నేలను సిద్ధపరచుట అంత అవసరమని పూర్వుల అభిప్రాయము. పశ్చిమ చాళుక్య ప్రభువగు మూడవ సోమేశ్వరుని మానసోల్లాసమునందును, రంగు పూయుటకు ముందు గోడను నున్నచేయు విధానమును, వజ్రలేపమను జిగురును వర్ణింపబడినవి. పదునొకండవ, పండ్రెండవ శతాబ్దులనాటి ఈ గ్రంథములను ఇచ్చట స్మరించుటకు కారణము కలదు. నేడు మన ఇండ్లలోని పిల్లలు గాజుపలకపై చిత్రములు వ్రాయుచున్నారు. ఆ గాజునకు నేత లేదు, గరుకు లేదు, రంగును పీల్చుకొను గుణము లేదు. లేని నేలను కంప్యూటరు కల్పించి యిచ్చుచున్నది. అయితే ఆ నేలను పలకపై పరచుటకు బదులు, పెక్కుమార్లు కుంచెలోనే దాచి యిచ్చుచున్నది. ఈ ఏర్పాటు చిత్రమునకు చేయు మేలెంత, కీడెంత యని విచారించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

టెక్స్చరు అను మాటకు మనవారు సాధారణముగ గరుకు అని అర్థము చెప్పుకొందురు. ఆ మాట ఉపయోగపడునేగాని సంపూర్ణము కాదు. సున్నపు గోడకు ఒక గరుకు, నూలుబట్టకు ఒక నేత, తాటాకునకు ఈనెలు, కాగితమునకు నార కలవు. ఇవియన్నియు ఆయా ఉపరితలముల స్వభావములు. వీనినన్నిటిని కలిపి ‘నేలతీరు’ అని మేమిచ్చట వ్యవహరింతుము.

మన ప్రాంతముల చిత్రకారులు నేలను ఎట్లు కట్టిరో ముందుగా పరికింపవలయును. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు నూలుబట్టను కరక్కాయయు పాలును కలిపిన ద్రవములో ముంచి ఆరవేయుదురు. పాలు రంగును ప్రక్కలకు ప్రాకనీయక నిలుపును. కరక్కాయ నల్లరంగును పట్టుకొనును. ఇనుపముక్కలను బెల్లపునీటిలో ఊరవేసి తీసిన ఆ నలుపు, వెదురుకలము నుండి దిగి దారములోనికి ఇంకి, బట్టలో భాగమే యగును. చేర్యాల నకాషీలు బట్టపై చింతగింజల జిగురును తెల్లమట్టిని కలిపి పూతలు పూయుదురు. అచ్చట నేత కప్పబడి, రంగు పూతపై నిలుచును. ఒడిశా పటచిత్రకారులు చింతగింజల జిగురుతోను సుద్దతోను బట్టను దళసరి చేసి, రాతితో రుద్ది, తోలువలె నునుపు తెత్తురు. బరంపురము, గంజాము ప్రాంతములలో స్థిరపడిన మనవారు ఈ పటములను ఎరుగనివారు కారు. తంజావూరు చిత్రములను వ్రాసినవారిలో తెలుగు మాటాడు రాజులు ముఖ్యులు. వారు కొయ్యపలకపై బట్ట నంటించి, సుద్దపూత వేసి, ఆభరణములను పీఠములను ఉబ్బెత్తుగా తీర్చి, వానిపై బంగారురేకు నంటించిరి. మైసూరు చిత్రములలో ఆ ఉబ్బెత్తు మిక్కిలి తక్కువ. పదునారవ శతాబ్దమునాటి లేపాక్షి చిత్రములకు సున్నపుగచ్చు నేల. ఈ ఉదాహరణములన్నిటిలోను నేల మారినప్పుడెల్ల గీతయొక్క నడక మారినది. కావున నేలతీరు పైపై సొగసు మాత్రమే కాదు. చేతికిని నేలకును నడుమ జరిగిన వ్యవహారమునకు అది సాక్ష్యము.

ఇక కంప్యూటరు కుంచె పనిచేయు విధమును చూతము. అది గీయు గీత నిజమునకు ముద్రల వరుస. 40 పిక్సెళ్ళ అడ్డుకొలత గల కుంచెకు ముద్రల నడుమ ఎడమును 25 శాతముగ నిర్ణయించినచో, ప్రతి 10 పిక్సెళ్ళకు ఒక ముద్ర పడును. ముద్రలు ఒకదానిపై నొకటి ఎక్కియుండుటచే కంటికి అఖండమైన గీతవలె తోచును. ముద్రయొక్క ఆకారము కుంచెమొన. నేలతీరు దానికి జోడింపబడు వేరొక బొమ్మ. నట్టింట పరచిన రాతిపలకలవలె ఆ బొమ్మ ప్రక్కప్రక్కన మరల మరల పరచబడును. దాని రంగును యంత్రము సాధారణముగ లెక్కింపదు. నలుపు తెలుపుల తారతమ్యమును మాత్రమే గ్రహించి, తెల్లనిచోటు మిట్టయనియు నల్లనిచోటు పల్లమనియు ఎంచి, ఏ చోట ఎంత రంగు పడవలయునో తేల్చును. బొమ్మ పరిమాణమును, వెలుగును, నలుపు తెలుపుల భేదమును, లోతును పెంచుటకు తగ్గించుటకు వీలు కలదు. మిట్టలను పల్లములుగ, పల్లములను మిట్టలుగ తిరుగవేయుటకును వీలు కలదు. చేతి ఒత్తిడిని అనుసరించి ఈ ప్రభావము హెచ్చుతగ్గులగునట్లు చేయవచ్చును.

ఇంతవరకు ఇది యంత్రశాస్త్రము. కళావిమర్శకు తావిచ్చునది తరువాతి మెట్టు. మొనముద్రను నేలతీరుతో కలుపుటకు పెక్కు పద్ధతులున్నను, ఫొటోషాప్ నందును క్రిత యందును కానవచ్చు రెండు పద్ధతులు ప్రధానములు. ఒకటి గుణకారము, రెండవది తీసివేత. లెక్కను సులభము చేసి చెప్పుదుము. మిట్టమీద రంగు పూర్తిగ పడుననియు, పల్లములో 40 శాతమే పడుననియు అనుకొందము. చేయి గట్టిగ ఒత్తినప్పుడు కుంచె 80 వంతుల రంగు నిచ్చినచో, గుణకారమున మిట్టపై 80, పల్లములో 32 నిలుచును. తేలికగ ఒత్తి 20 వంతులే యిచ్చినచో, మిట్టపై 20, పల్లములో 8 నిలుచును. రంగు తగ్గినదిగాని మిట్టపల్లముల నిష్పత్తి మారలేదు. తీసివేతలో అట్లు కాదు. పల్లము 60 వంతులను హరించునని పెట్టినచో, గట్టి ఒత్తిడికి మిట్టపై 80, పల్లములో 20 నిలుచును; తేలిక ఒత్తిడికి మిట్టపై 20 నిలుచును, పల్లములో ఏమియు నిలువదు. తేలికచేతికి మిట్టలు మాత్రమే రంగు తాకును, బలమైన చేతికి రంగు పల్లములకును దిగును. సుద్దముక్కతో నల్లబల్లపై వ్రాసిన ప్రతివారికిని ఈ ధర్మము తెలిసినదే. స్వీడిష్ భాషలో క్రిత యనగా సుద్ద యని అర్థము కావున, ఆ పేరుగల సాధనమునందు ఈ పద్ధతి యుండుట సముచితమే.

ఈ రెండు లెక్కలలో ఏది మేలైనదని ప్రశ్నించుట వ్యర్థము. ఏ నేలకు ఏది తగునని ప్రశ్నింపవలయును. సుద్దకు, బొగ్గునకు, ఎండిన రంగుతో ఈడ్చిన గీతకు తీసివేత తగును. కలంకారీకి అది తగదు. అచ్చట రంగు దారము మీద కూర్చుండక దారములోనికి ఇంకును. పల్లములు తెల్లగ మిగులవు. నేతయొక్క ఛాయ సన్నగ తోచవలయునేగాని గీత చుక్కలు చుక్కలుగ చెదరరాదు. కావున గుణకారమే, అదియు తక్కువ లోతుతో, దానికి దగ్గర. నీటిరంగుల ధర్మము ఇంకను విచిత్రము. మన రాజమహేంద్రవరపు దామెర్ల రామారావు (1897-1925) వంటివారు వాడిన నీటిరంగులలో, నీరు పారినప్పుడు రేణువులుగల వర్ణములు కాగితపు పల్లములలో పేరుకొనును. సుద్దకు మిట్టయెట్టిదో ఈ రేణువులకు పల్లమట్టిది. కావున అదే కాగితపు బొమ్మను వాడినను నలుపు తెలుపులను తిరుగవేయవలయును. ఈ మార్పు చేయక నీటిరంగు కుంచెకు సుద్దనేలను తగిలించిన చిత్రములు విరివిగ కనబడుచున్నవి. అవి చూపునకు ఏదో లోపించినట్లుండును. ఆ లోపము రేఖలో లేదు, వర్ణములో లేదు, భూమిబంధనములో నున్నది.

పటచిత్రమునకు, మైసూరు చిత్రమునకు వచ్చుసరికి విమర్శ ఇంకను సూటిగ నుండవలయును. ఆ చిత్రకారులు దినములతరబడి శ్రమించి నేలలోని నేతను, గరుకును తొలగించిరి. నునుపే వారి సాధన. అట్టి చిత్రమును కంప్యూటరుపై వ్రాసి, ప్రాచీనముగ కనబడునని దానిపై ఐరోపా తైలవర్ణచిత్రముల కాన్వాసు నేతను ముద్రించుట, పట్టుచీరపై గోనెపట్టా కప్పుటవంటిది. తంజావూరు చిత్రపు ఉబ్బెత్తును ఈ నేలతీరుతో సాధింపజూచుటయు పొరబాటే. ఆ ఉబ్బెత్తు ఆభరణముయొక్క ఆకారమును అనుసరించి యుండును. చిత్రమంతట ఒకే విధముగ పరచబడు బొమ్మకు ఆభరణమేదో ముఖమేదో తెలియదు. అట్టి పనికి వెలుగునీడలను చేతితో తీర్చుకొనుటయే మార్గము.

నేలతీరును ఎప్పుడు కలుపవలయునను విషయము మరియొకటి. ఫొటోషాప్ నందు గీత మొత్తమునకు ఒకమారు కలుపవచ్చును. లేదా ప్రతి ముద్రకు వేరువేరుగ కలుపవచ్చును. రెండవ పద్ధతి యందు లోతును ముద్రముద్రకు మార్చుకొను సౌకర్యము కలదు. అయితే దానికొక చిక్కున్నది. పల్లములో ఒక ముద్రకు 40 వంతుల రంగు పడినదనుకొందము. దానిపై రెండవ ముద్ర పడగా అది 64 అగును. మూడవ ముద్రకు 78 దాటును. మిట్టలు మొదటనే నిండియున్నవి. ఇట్లు ముద్రలు దట్టముగ ఎక్కినకొలది పల్లములు పూడిపోయి, కళాకారుడు కోరి యెంచుకొన్న నేల మాయమగును. అప్పుడతడు లోతును పెంచును. పెంచగా గీత అంచులు చెదరును. ముద్రల ఎడమును, రంగు పారుదలను సవరింపక లోతును మాత్రమే పెంచుచు పోవువారి చిత్రములలో, గీతనడుమ చదునుగను అంచులు మాత్రము గరుకుగను ఉండుట చూడవచ్చును. సాధనములోని లెక్క తెలియనిదే చేతి నేర్పు ఫలింపదనుటకు ఇది నిదర్శనము.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. నేల ఎవరి సొత్తు, చిత్రముదా కుంచెదా? ఈ ప్రశ్నకు వేరువేరు సాధనములు వేరువేరు సమాధానములు చెప్పినవి. 1991లో మార్క్ జిమ్మర్, టామ్ హెడ్జెస్ మొదలగువారు వెలువరించిన ఫ్రాక్టల్ డిజైన్ పెయింటర్, నేడు కోరెల్ పెయింటర్ అని పిలువబడుచున్నది. రంగుడబ్బాలో పెట్టి అమ్మబడిన ఆ సాధనము కాగితమును కాగితముగనే భావించినది. కళాకారుడు కాగితము నొకదానిని ఎంచుకొనును. గరుకును గుర్తించు కుంచెలన్నియు ఆ కాగితమునకే లోబడును. భోజుడు చెప్పిన క్రమమునకు ఇది సన్నిహితమని మా అభిప్రాయము. 2002లో వచ్చిన ఫొటోషాప్ ఏడవ కూర్పు కుంచెలకు నేలతీరును చేర్చినది. అచ్చట ప్రతి కుంచెయు తన నేలను తన వెంట తెచ్చుకొనును. 2011లో ఐప్యాడునకు వచ్చిన ప్రొక్రియేట్ నందును గరుకు కుంచెలోనిదే. అయితే అది ఒక చక్కని వివేచన చేసినది. గరుకు నేలను అంటిపెట్టుకొని స్థిరముగ నుండవలయునా, గీతతోపాటు ఈడ్వబడవలయునా యని కళాకారుని అడుగును. స్థిరముగ నుండునది కాగితపు గుణము. ఈడ్వబడునది కుంచె వెండ్రుకల గుణము; ఎండిన కుంచె విడిచిపోవు చారలు ఈ జాతివి. ఈ భేదము గ్రహించినవాడు సగము విద్య నేర్చినవాడే.

ప్రతి కుంచెయు తన నేలను తెచ్చుకొన్నచో జరుగునదేమి? ముఖమునకు ఒక కుంచె, చీరకు ఒక కుంచె, ఆకాశమునకు ఒక కుంచె వాడిన చిత్రమున మూడు నేలలుండును. ముఖము కాగితముపై, చీర కాన్వాసుపై, ఆకాశము గోడపై వ్రాసినట్లుండును. చూచువాడు కారణము చెప్పలేకపోయినను, చిత్రము ఒకచోట నిలువలేదని గ్రహించును. ఈ దోషమునకు నివారణోపాయము ఆ సాధనములలోనే కలదు. ఫొటోషాప్ నందు ‘ప్రొటెక్ట్ టెక్స్చర్’ అను ఏర్పాటు, ఒకే నేలతీరును ఒకే పరిమాణముతో నేలతీరుగల కుంచెలన్నిటికి వర్తింపజేయును. క్రిత యందు నేలతీరు అమరికకు తాళము వేసినచో, కుంచె మారినను నేల మారదు. రెండును చిన్న మీటలు. పెక్కుమంది వానిని తాకను కూడ తాకరు. మా దృష్టిలో ఇవి ఆ సాధనములలోని అత్యుత్తమ గుణములలో చేరినవి. భూమిబంధనమును మరల చిత్రమునకు అప్పగించునవి ఇవియే.

అచ్చునకు పోవు చిత్రముల విషయమున ఇంకొక జాగ్రత్త కావలయును. మన సంఘముల సంచికలకు, ఉగాది శుభాకాంక్షల పత్రికలకు ఈ చిత్రములే ముఖపత్రములగుచున్నవి గనుక దీనిని చెప్పుచున్నాము. ఏ4 కాగితమును అంగుళమునకు 300 చుక్కల చొప్పున అచ్చువేయుటకు 2480 పిక్సెళ్ళ వెడల్పు, 3508 పిక్సెళ్ళ పొడవు కావలయును. నేలతీరు బొమ్మ 512 పిక్సెళ్ళదైనచో, అది అడ్డముగ ఐదుమార్లకు, నిలువుగ ఏడుమార్లకు కొంచెము తక్కువగ ఆవృత్తి పొందును. అనగా ఇంచుమించు ప్రతి 4.3 సెంటిమీటర్లకు అదే మచ్చ, అదే పగులు మరల కనబడును. తెరపై పెద్దది చేసి చూచుకొనుచు వ్రాసినవానికి ఈ వరుస తెలియదు; అచ్చుపత్రమును చేయిచాచి పట్టుకొన్నవానికి మొదట అదియే తెలియును. నిజమైన గోడపై ఒకే పగులు ముప్పదిమార్లు ఉండదు. కావున పెద్ద బొమ్మను ఎంచుకొనుట, ప్రత్యేకమైన మచ్చలను ముందుగనే తుడిచివేయుట, అచ్చు పరిమాణములో ఒకమారు చూచుకొనుట విధాయకములు.

దీనికి ఒక ఆక్షేపణ రావచ్చును. కంప్యూటరు క్రొత్త మాధ్యమము. దానిని పాత నేలలకు దాసినిగ చేయనేల? వేయి నేలలను ఒకచోట కలుపుటయే దాని స్వేచ్ఛ కదా యని కొందరందురు. ఈ వాదమును మేము త్రోసిపుచ్చము. చిత్తుకాగితములు, వార్తాపత్రికల ముక్కలు అతికించి చిత్రములు చేసినవారు ఇరువదవ శతాబ్దమున కలరు. వారు భిన్నమైన నేలల ఘర్షణనే విషయముగ తీసుకొనిరి. తెలిసి చేసిన ఘర్షణ శిల్పము. తెలియక జరిగినది అలసత్వము. నేలతీరు లేని చదునైన వర్ణమును ధైర్యముగ నిలిపిన కంప్యూటరు చిత్రమును, కాన్వాసు వేషము వేసుకొన్న చిత్రము కన్న మేము ఎక్కువగ గౌరవింతుము. గాజు గాజుగ నుండుట తప్పు కాదు.

అయినను మనవంటి కుటుంబములకు ఈ విషయములో అధికమైన బాధ్యత కలదు. పనివారలకు దూరముగ పెరుగు పిల్లలు, కలంకారీ బట్టను తడిమి చూచుటకు ముందే దాని పోలికను తెరపై చూచుచున్నారు. ఆ పోలికలో సుద్దగరుకు ఉన్నచో, కలంకారీ అట్టిదేయని నమ్ముదురు. కాన్వాసు నేత కప్పిన తంజావూరు కృష్ణుని చూచినవానికి, రాజులు ఎంత శ్రమించి ఆ నునుపును తెచ్చిరో ఎన్నటికి తెలియదు. సాధనములతో వచ్చు నేలతీరులలో విదేశపు నీటిరంగు కాగితములు, కాన్వాసులు మెండు. అవి చెడ్డవి కావు. అవి వేరొకరి నేలలు.

మన నేలలను మనమే కట్టుకొనవచ్చును. ఇంట నున్న పాత కలంకారీ దుప్పటిని, తాటాకును, సున్నము వేసిన గోడను, చేనేత పంచెను ఎగుడుదిగుడు లేని వెలుగులో ఛాయాచిత్రము తీయవలయును. ఆకును, బట్టను స్కానరుపై నుంచినను చాలును. రంగును తీసివేసి నలుపు తెలుపులు మాత్రము మిగుల్చవలయును. ఒక ప్రక్క వెలుగు, ఒక ప్రక్క నీడ లేకుండ సమము చేయవలయును. బొమ్మను సగము వెడల్పు, సగము పొడవు జరిపినచో అంచులు నడుమకు వచ్చును. అచ్చట కనబడు అతుకును మాపివేసినచో, ప్రక్కప్రక్కన పరచినను అతుకు తెలియదు. క్రిత వెల లేని సాధనము గనుక ఈ పనికి ద్రవ్యవ్యయమును లేదు. ఒక మధ్యాహ్నపు శ్రద్ధ చాలును.

అట్లు చేసిన నేలతీరు నిజమైన బట్ట కాజాలదు. అది చేతికి ఎదురు నిలువదు, రంగును పీల్చదు, కాలక్రమమున మాయదు. కాని దానిని సిద్ధపరచునప్పుడు పిల్లవాడు ఆ బట్టను చేతితో తాకును. దారము ఏ దిక్కునకు నడచుచున్నదో, రంగు ఎంతవరకు ఇంకినదో కన్నులార చూచును. గుణకారమా, తీసివేతా యను ప్రశ్నకు సమాధానమును ఆ బట్టనే అడిగి తెలిసికొనును. కుంచె పట్టుటకు ముందు నేలను ఎరుగవలయునను పెద్దల మాట గాజుపలకపై గూడ చెల్లునని అప్పుడు వానికి బోధపడును. మన ఇండ్లలోని పెట్టెలలో మడత విప్పని పాతబట్టలు ఇంకను కొన్ని మిగిలియున్నవి. వానిని ఒకమారు వెలుతురునకు తెచ్చి పిల్లల చేతికి ఇచ్చుట పెద్దలు చేయదగిన పని.